అర్హత పరీక్షలో సమాచార సాంకేతికత: నెట్ మొదటి పత్రం ఎనిమిదో విభాగం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

యూజీసీ నెట్ పరీక్షలోని మొదటి పత్రం అన్ని శాఖల విద్యార్థులకూ ఉమ్మడిది. అందులోని ఎనిమిదో విభాగం సమాచార, ప్రసార సాంకేతికతకు సంబంధించినది. తెలుగు, సంస్కృతం, చరిత్ర, తత్త్వశాస్త్రం వంటి శాఖల్లో చదివిన విద్యార్థి సాంకేతికతను గురించి జాతీయస్థాయిలో పరీక్షకు లోనయ్యే ప్రధాన సందర్భం ఇదే. ఈ విభాగం సాంకేతిక పదజాల పరిచయాన్ని కొలుస్తున్నదా, సాంకేతికత సమాజంపై చూపే ప్రభావాన్ని అర్థం చేసుకొనే శక్తిని కొలుస్తున్నదా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. 2019లో పాఠ్యప్రణాళికలో జరిగిన మార్పు, ప్రశ్నల స్వభావం, ప్రశ్నపత్రం భాష, తెలుగు సమాజ అనుభవం అనే నాలుగు కోణాల నుంచి చర్చ సాగుతుంది. పరీక్షా విధానాన్ని మార్చకుండానే ప్రశ్నలను మెరుగుపరచగల ఒక మార్గాన్ని చివర సూచిస్తుంది.

కీలకపదాలు: యూజీసీ నెట్, సమాచార సాంకేతికత, మూల్యాంకనం, బహుళైచ్ఛిక ప్రశ్నలు, పాలన, గోప్యత, తెలుగు పరిశోధన.

1. ఉపోద్ఘాతం:

ఒక విద్యావ్యవస్థ దేనికి విలువ ఇస్తున్నదో తెలుసుకోవాలంటే దాని లక్ష్యప్రకటనల కన్నా దాని ప్రశ్నపత్రాలు చూడటం మేలు. విద్యార్థి తన శ్రమను ప్రశ్నపత్రం చూపిన దిక్కుకే మళ్ళిస్తాడు. బోధకుడూ అదే దిక్కున నడుస్తాడు. శిక్షణ పుస్తకాల మార్కెట్టు ఆ దారిని మరింత వెడల్పు చేస్తుంది. అందువల్ల ప్రశ్నపత్రం కూడా సాహిత్య పాఠంలాగే విమర్శకు అర్హమైనది.

నెట్ పరీక్షలో రెండు పత్రాలు ఉంటాయి. మొదటి పత్రంలో 50 ప్రశ్నలు, 100 మార్కులు. రెండో పత్రంలో 100 ప్రశ్నలు, 200 మార్కులు. మొత్తం సమయం 3 గంటలు. మొదటి పత్రానికి పది విభాగాలు. ఒక్కొక్క విభాగం నుంచి రెండేసి మార్కుల ప్రశ్నలు 5 ఇవ్వాలని పాఠ్యప్రణాళికే నిర్దేశించింది. అంటే సమాచార సాంకేతికతకు దక్కేది 300 మార్కుల్లో 10. ఈ అంకె చిన్నదిగా కనిపించవచ్చు. రెండు పత్రాలూ రాసి కనీస మార్కులు పొందినవారిలో సహాయాచార్య అర్హత దక్కేది పరీక్ష రాసినవారి సంఖ్యలో 6 శాతానికే. అంత ఇరుకైన ద్వారం దగ్గర పది మార్కులు ఒక విద్యార్థి భవిష్యత్తును నిర్ణయించగలవు. 2024 నుంచి పిహెచ్.డి. ప్రవేశాలకు కూడా నెట్ మార్కులను పరిగణించడం మొదలైనందున ఈ పత్రం బరువు మరింత పెరిగింది.

2. పాఠ్యప్రణాళిక – ఒక పదం అదృశ్యం:

2019 జూన్ పరీక్ష నుంచి మొదటి పత్రానికి కొత్త పాఠ్యప్రణాళిక అమలులోకి వచ్చింది. పాత, కొత్త ప్రణాళికలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక ముఖ్యమైన తేడా కనిపిస్తుంది. పాత ప్రణాళికలో ఈ విభాగానికి మూడు అంశాలు ఉండేవి. మొదటిది సమాచార సాంకేతికత అర్థం, ప్రయోజనాలు, నష్టాలు, ఉపయోగాలు. రెండోది సంక్షిప్త నామాలు, పరిభాష. మూడోది అంతర్జాలం, ఈమెయిల్ ప్రాథమికాంశాలు.

కొత్త ప్రణాళికలో సంక్షిప్త నామాలు, పరిభాష మొదటి స్థానానికి వచ్చాయి. అంతర్జాలం, ఈమెయిల్ అంశాలకు ఇంట్రానెట్, దృశ్య శ్రవణ సమావేశాలు తోడయ్యాయి. ఉన్నత విద్యలో డిజిటల్ కార్యక్రమాలు, సాంకేతికత–పాలన అనే రెండు కొత్త అంశాలు చేరాయి. ‘ప్రయోజనాలు, నష్టాలు’ అన్న మాటలు తొలగిపోయాయి.

కొత్తగా చేరిన రెండు అంశాలూ అవసరమైనవే. పాలనను ప్రత్యేకంగా పేర్కొనడం వల్ల సమాజాన్ని గురించి ప్రశ్నించడానికి అవకాశం పెరిగిందని కూడా వాదించవచ్చు. ఏడో విభాగంలో దత్తాంశం–పాలన అనే అంశం చేరడం ఈ వాదాన్ని బలపరుస్తుంది. అయితే పాత ప్రణాళిక సాంకేతికతను లాభనష్టాలు రెండూ గల వస్తువుగా చూసింది. కొత్త ప్రణాళిక దానిని ప్రధానంగా కార్యక్రమాల జాబితాగా చూస్తున్నది. ‘నష్టం’ అన్న పదం ప్రణాళికలో ఉన్నంత కాలం ప్రశ్నకర్త ఆ దిశగా ఆలోచించక తప్పదు. అది పోయిన తరువాత ఆలోచించడం అతని ఇష్టానికి మిగిలింది. ప్రణాళికలో ఒక్క పదం ఉండటానికీ లేకపోవటానికీ ఇంత తేడా ఉంటుంది.

3. ప్రశ్నల స్వభావం:

ఈ విభాగం నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలను కొన్ని తరగతులుగా వర్గీకరించవచ్చు.

మొదటి తరగతి సంక్షిప్త నామాల విస్తరణ. యూఆర్ఎల్, హెచ్‌టీటీపీ, ర్యామ్ వంటి వాటి పూర్తి రూపాలు గుర్తించడం. రెండోది పరిమాణాల క్రమం. కిలోబైటు, మెగాబైటు, గిగాబైటు, టెరాబైటులను ఆరోహణ క్రమంలో పెట్టడం, ద్విసంఖ్యామానంలోని సంఖ్యను దశాంశమానంలోకి మార్చడం ఇందులోకి వస్తాయి. మూడోది నిర్వచనాల జతపరచడం. వైరస్, వార్మ్, ట్రోజన్, ఫిషింగ్ వంటి పదాలను వాటి వివరణలతో జతచేయడం. నాలుగోది వినియోగ పరిజ్ఞానం. ఈమెయిల్‌లో సీసీకీ బీసీసీకీ తేడా చెప్పడం ఇటువంటిది. అయిదోది ప్రభుత్వ కార్యక్రమాల పరిచయం. స్వయం, స్వయంప్రభ, జాతీయ డిజిటల్ గ్రంథాలయం, శోధ్‌గంగ వంటివి ఏమిటో, ఎవరు నిర్వహిస్తున్నారో గుర్తించడం.

బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు 1956లో విద్యాలక్ష్యాలను జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం అని ఆరు మెట్లుగా విభజించారు. పై అయిదు తరగతుల్లో ఎక్కువ భాగం మొదటి మెట్టుకే చెందుతాయి. సంఖ్యామాన మార్పిడి, ఈమెయిల్ వినియోగం మూడో మెట్టును తాకుతాయి. విశ్లేషణ, మూల్యాంకనం దాదాపు కనిపించవు. ఇదే ప్రశ్నపత్రం మొదటి విభాగంలో బోధనాభిరుచిని పరీక్షిస్తూ, జ్ఞాపకశక్తి స్థాయి బోధనకూ విమర్శనాత్మక ఆలోచన స్థాయి బోధనకూ గల భేదాన్ని అడుగుతుంది. కాబోయే అధ్యాపకుడు ఏ భేదాన్ని తెలుసుకోవాలని పత్రం కోరుతున్నదో ఆ భేదాన్ని ఎనిమిదో విభాగంలో పత్రమే పాటించడం లేదు.

ప్రకటన–కారణం, రెండు వాక్యాల సత్యాసత్య నిర్ణయం వంటి రూపాల్లో ప్రశ్నలు వచ్చినంత మాత్రాన స్థాయి పెరగదని కూడా గమనించాలి. ‘ర్యామ్ తాత్కాలిక స్మృతి’, ‘రోమ్ శాశ్వత స్మృతి’ అన్న రెండు వాక్యాలు ఇచ్చి ఏది నిజమని అడిగితే అది రూపం మార్చుకున్న జ్ఞాపక ప్రశ్నే.

4. భాష సృష్టించే అంతరం:

నెట్‌లో భాషా శాఖల పత్రాలు తప్ప మిగిలినవి ఇంగ్లీషు, హిందీ భాషల్లోనే ఉంటాయి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రమాణం. అంటే తెలుగు శాఖ విద్యార్థి రెండో పత్రాన్ని తెలుగులోనూ, మొదటి పత్రాన్ని ఇంగ్లీషులోనూ రాస్తాడు.

అన్ని విభాగాల్లోనూ ఈ ఇబ్బంది ఉన్నదే. ఎనిమిదో విభాగంలో దాని స్వరూపం వేరు. సంక్షిప్త నామం ఇంగ్లీషు మాటల తొలి అక్షరాల కూర్పు. ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవాడు పూర్తి రూపాన్ని పదాల అర్థం ఆధారంగా ఊహించగలడు. తెలుగు మాధ్యమంలో పల్లె కళాశాల నుంచి వచ్చినవాడికి అది అర్థరహితమైన ధ్వనుల వరుస. వల్లె వేయడం తప్ప మరో మార్గం లేదు. ఆ విద్యార్థి ఫోనులో నగదు బదిలీ చేస్తూ, అంతర్జాలంలో తెలుగు నిఘంటువులు వెతుకుతూ, తన వ్యాసాన్ని తానే టైపు చేసుకొంటూ ఉండవచ్చు. అతని వాడకపు నేర్పు ఈ ప్రశ్నలో లెక్కకు రాదు. పరీక్ష కొలుస్తున్నానని చెప్పుకొనేది సాంకేతిక పరిజ్ఞానం. అసలు కొలిచేది చాలామేరకు ఇంగ్లీషు పదసంపద. ఒక పరీక్ష తాను కొలవవలసిన దానిని కాక మరొకదాన్ని కొలిస్తే దాని ప్రామాణ్యానికి లోపం వచ్చినట్లే.

5. తెలుగు నేల అనుభవం – ప్రశ్నపత్రంలోని ఖాళీ:

5.1 పాలన: ‘సాంకేతికత–పాలన’ అన్న అంశాన్ని తెలుగువారు పుస్తకాల్లో చదవనక్కరలేదు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ అనే కంప్యూటరీకరణ పథకం మొదలైంది. 2001లో హైదరాబాదులో ఈ–సేవ, 2011లో మీసేవ వచ్చాయి. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. భూమి రిజిస్ట్రేషన్, హక్కుల మార్పిడి ఒకేచోట ఒకేరోజు పూర్తి కావడం దాని సౌలభ్యం. రికార్డులో దొర్లిన తప్పును దిద్దే అధికారం స్థానిక రెవెన్యూ అధికారి చేతిలో లేకపోవడం దాని ఇక్కట్టు. ఈ వివాదం 2023 శాసనసభ ఎన్నికల్లో ప్రధాన చర్చాంశమైంది. 2025లో కొత్త చట్టంతో ‘భూభారతి’ దాని స్థానంలోకి వచ్చింది.

ఒకే సాంకేతిక వ్యవస్థ ఒక రైతుకు మేలుగా, పేరు తప్పుపడిన మరో రైతుకు గోడగా ఎందుకు మారింది? లోపం యంత్రానిదా, చట్టానిదా, పాత కాగితపు రికార్డులదా? ఇవి విశ్లేషణ కోరే ప్రశ్నలు. ఒక పథకం ఏ రాష్ట్రానిది, ఏ సంవత్సరంలో మొదలైంది అని అడగడంతో సరిపెట్టుకుంటే ఈ సారమంతా జారిపోతుంది.

5.2 గోప్యత: 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2018 సెప్టెంబరు 26న ఆధార్ చట్టంపై తీర్పు చెప్పింది. బాలల హక్కుల కోసం తెలుగు నేలపై పనిచేసిన శాంతా సిన్హా ఆధార్‌ను సవాలు చేసిన పిటిషనర్లలో ఒకరు. 2023లో వ్యక్తిగత డిజిటల్ దత్తాంశ పరిరక్షణ చట్టం వచ్చింది. ఈ పరిణామాల తేదీలు అడగవచ్చు. పరిశోధకుడికి అవసరమైనది మరొకటి. తాను క్షేత్రపర్యటనలో సేకరించే జానపద కళాకారుల ఫొటోలు, ఫోను నంబర్లు, జీవిత వివరాలు కూడా వ్యక్తిగత దత్తాంశమేనన్న ఎరుక అతనికి ఉండాలి. పరిశోధనాభిరుచి, సాంకేతికత అనే రెండు విభాగాలు కలిసే ఈ చోట ప్రశ్నలు పుట్టాలి.

5.3 తెలుగు పరిశోధన: శోధ్‌గంగ సిద్ధాంతగ్రంథాల భాండాగారమని, దానిని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహిస్తుందని విద్యార్థి కంఠస్థం చేస్తాడు. ఆ భాండాగారంలోని తెలుగు సిద్ధాంతగ్రంథాల్లో ఒక పదం కోసం వెతికితే ఎందుకు దొరకదన్న ప్రశ్న అతనిని ఎవరూ అడగరు. యూనికోడ్ ప్రాచుర్యానికి ముందూ, ఆ తరువాత చాలాకాలం కూడా తెలుగు పుస్తకాలు, సిద్ధాంతగ్రంథాలు అను వంటి ఖతుల్లో రూపొందాయి. ఆ ఖతుల్లో తెలుగు అక్షరం ఉన్నట్లు కంటికి కనిపిస్తుంది. కంప్యూటరు దృష్టిలో అక్కడ ఉన్నది వేరొక లిపి సంకేతం. స్కాన్ చేసిన పుటలు కంప్యూటరుకు కేవలం చిత్రాలు. ఫలితంగా ఎన్నో పరిశోధనలు అంతర్జాలంలో ఉండి కూడా లేనట్లే. ముందు జరిగిన కృషి తెలియక పునరుక్తి పెరగడం, గ్రంథచౌర్యాన్ని గుర్తించడం కష్టం కావడం దీని పర్యవసానాలు. తెలుగు పరిశోధనరంగంపై సాంకేతికత చూపిన ప్రభావానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. ‘యూనికోడ్ అంటే ఏమిటి’ అన్న ప్రశ్నకు సరైన గడిని గుర్తించిన విద్యార్థి తన సిద్ధాంతగ్రంథాన్ని పాత ఖతిలోనే సమర్పిస్తే పరీక్ష సాధించినదేమిటి?

6. పరీక్షే పాఠమైన సందర్భం:

2024 జూన్ 18న నెట్ పరీక్షను కాగితంపై నిర్వహించారు. 9 లక్షలకు పైగా అభ్యర్థులు రాశారు. ప్రశ్నపత్రం ముందే బయటికి పొక్కిందన్న సమాచారంతో మరుసటి రోజే కేంద్ర ప్రభుత్వం పరీక్షను రద్దు చేసింది. టెలిగ్రామ్‌లో తిరిగిన ప్రశ్నపత్రం తెరపట్టు అందుకు ఆధారంగా చర్చకు వచ్చింది. ఆ తెరపట్టు మార్పులు చేసి సృష్టించినదని తరువాత సీబీఐ దర్యాప్తులో తేలింది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కంప్యూటరు ఆధారంగా పరీక్షను మళ్ళీ నిర్వహించారు.

లక్షలమంది విద్యార్థులు సాంకేతికత సమాజంపై చూపే ప్రభావాన్ని తమ జీవితంలోనే చవిచూసిన సందర్భమిది. దూరప్రాంతపు కేంద్రాలకు మళ్ళీ ప్రయాణం, మళ్ళీ ఖర్చు, నెలల ఆలస్యం వారి అనుభవంలోకి వచ్చాయి. ఒక చిత్రం అసలుదా కల్పితమా అని నిర్ధారించడం ఎలా, నిర్ధారణకు ముందు నిర్ణయం తీసుకోవాలా, ఆలస్యం చేస్తే ఎవరికి నష్టం, తొందరపడితే ఎవరికి నష్టం – సమాచార సాంకేతిక విభాగం అడగదగిన ప్రశ్నలన్నీ ఆ ఒక్క ఘటనలో ఉన్నాయి. కృత్రిమ మేధ సాయంతో చిత్రాలనూ గొంతులనూ కల్పించడం తేలికైన ఈ కాలంలో అధ్యాపకుడికి సంక్షిప్త నామాల కన్నా ఈ వివేచన అవసరం.

7. మరొక నమూనా:

సాంకేతికత సామాజిక ప్రభావాన్ని పరీక్షించడం అసాధ్యమేమీ కాదు. ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థ ఉన్నత పాఠశాల స్థాయిలో ‘ప్రపంచ సమాజంలో సమాచార సాంకేతికత’ అనే పాఠ్యవిషయాన్ని చాలాకాలం నడిపింది. దాని స్థానంలో వచ్చిన ‘డిజిటల్ సమాజం’ అనే పాఠ్యవిషయానికి తొలి పరీక్షలు 2024లో జరిగాయి. పాత విషయంలోని ఒక పత్రంలో విద్యార్థి అంతకుముందు చూడని వార్తావ్యాసాన్ని ఇచ్చేవారు. అందులోని సాంకేతిక వ్యవస్థ ఎలా పనిచేస్తుందో వివరించడం, ఎవరెవరిపై ఎలాంటి ప్రభావం ఉన్నదో విశ్లేషించడం, ఒక పరిష్కారాన్ని సూచించి దాని మంచిచెడ్డలు తూచడం విద్యార్థి పని.

ఈ నమూనాను యథాతథంగా తెచ్చుకోలేం. అది కొద్దిమంది విద్యార్థులకు రాతపరీక్షగా జరిగేది. నెట్ లక్షలమందికి యంత్రం దిద్దే పరీక్ష. నెట్‌లో కూడా మూడో పత్రం 2012 జూన్‌కు ముందు వ్యాసరూపంలోనే ఉండేది. ఆ ఏడాది అది బహుళైచ్ఛిక రూపంలోకి మారింది. వ్యాసరూపానికి తిరిగి వెళ్ళాలని కోరడం ఆచరణకు అందదు. ఆ నమూనా నుంచి తీసుకోదగినది దాని క్రమం: ముందు ఒక సందర్భం, ఆ తరువాత ప్రశ్న.

8. ఉన్న చట్రంలోనే మార్గం:

ఇందుకు వీలు నెట్ మొదటి పత్రంలోనే ఉంది. మూడో విభాగంలో ఒక గద్యభాగం ఇచ్చి 5 ప్రశ్నలు అడుగుతారు. ఏడో విభాగంలో ఒక పట్టిక ఇచ్చి 5 ప్రశ్నలు అడుగుతారు. ఎనిమిదో విభాగానికీ ఇదే పద్ధతి వర్తింపజేయవచ్చు. మార్కులు, సమయం, దిద్దే విధానం ఏవీ మారనక్కరలేదు. ఉదాహరణకు ఈ వ్యాసకర్త కల్పించిన ఒక సందర్భం:

‘ఒక గ్రామంలో చౌకధరల దుకాణానికి వేలిముద్ర యంత్రం వచ్చింది. దొంగకార్డులు తగ్గాయి. మిరపకోతలకు వెళ్ళే ఒక వృద్ధురాలి వేలిగీతలు అరిగిపోవడంతో యంత్రం ఆమెను గుర్తించలేదు. రెండు నెలలు బియ్యం అందలేదు. ఆ రెండు నెలలూ “లబ్ధిదారు రాలేదు” అని రికార్డులో నమోదైంది.’

ప్రశ్న: ఈ సందర్భంలో సమస్య మూలాన్ని తాకే చర్య ఏది?
అ) యంత్రం వేగాన్ని పెంచడం.
ఆ) దుకాణం పనివేళలు పొడిగించడం.
ఇ) గుర్తింపు విఫలమైతే మరో పద్ధతిలో సరుకు ఇచ్చి, వైఫల్యాన్ని వేరుగా నమోదు చేయడం.
ఈ) కార్డుల సంఖ్యను తగ్గించడం.

సమాధానం ‘ఇ’. దీనికి సంక్షిప్త నామాలు అక్కరలేదు. యంత్రం గుర్తించలేకపోవడానికీ మనిషి రాకపోవడానికీ తేడా ఉందని, రికార్డు ఆ తేడాను చెరిపేసిందని గ్రహించాలి. మిగిలిన నాలుగు ప్రశ్నల్లో ఒకటి వేలిముద్ర సరిపోల్చే ప్రక్రియపైన, ఒకటి లాభపడినవారిపైన, ఒకటి ఆ దత్తాంశాన్ని ఆధారం చేసుకొని తీసే గణాంకాల విశ్వసనీయతపైన, ఒకటి ఈ సందర్భం బలపరచని నిర్ధారణను గుర్తించడంపైన అడగవచ్చు.

దీనికి రెండు ఆక్షేపాలు రావచ్చు. సామాజిక ప్రభావం అభిప్రాయానికి సంబంధించినది కనుక ఒకే సరైన సమాధానం ఉండదన్నది మొదటిది. అభిప్రాయాన్ని అడిగితే ఆ చిక్కు వస్తుంది. ఇచ్చిన సందర్భం నుంచి ఏ నిర్ధారణ తీయవచ్చో, ఏది తీయరాదో అడిగితే సమాధానం సందర్భానికే కట్టుబడి ఉంటుంది. పరిభాష తెలియకుండా చర్చ ఎలా సాగుతుందన్నది రెండో ఆక్షేపం. ఇందులో న్యాయం ఉంది. వర్ణమాల రానివాడు కావ్యం చదవలేడు. అయితే వర్ణమాల వచ్చినవాడిని కావ్యవిమర్శకుడని కూడా అనలేం. అయిదు ప్రశ్నల్లో ఒకటో రెండో పరిభాషకు కేటాయించి మిగిలినవి సందర్భానికి ఇస్తే రెండు అవసరాలూ తీరుతాయి.

ఇంగ్లీషు గద్యభాగం తెలుగు విద్యార్థికి మరింత భారం కాదా అన్న సందేహం సహజం. సరళమైన వాక్యాల్లో ఒక అనుభవాన్ని చదివి అర్థం చేసుకోవడం, అర్థరహితమైన అక్షరాలను వల్లించడం కన్నా న్యాయమైన పరీక్ష. అసలు పరిష్కారం మాత్రం మొదటి పత్రాన్ని భారతీయ భాషలన్నింటిలో అందించడమే. కంప్యూటరు తెరపై జరిగే పరీక్షకు అదనపు ముద్రణ ఖర్చు ఉండదు. అవసరమైనది నాణ్యమైన అనువాదం. ఆ పనికి సమర్థులు ఆయా భాషాశాఖల్లోనే ఉన్నారు.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. 2019 పాఠ్యప్రణాళికలో పాలన, డిజిటల్ కార్యక్రమాలు చేరడం వల్ల పరిధి విస్తరించింది. ‘ప్రయోజనాలు, నష్టాలు’ తొలగడం వల్ల విమర్శకు ఉన్న స్పష్టమైన ఆధారం పోయింది.
2. ప్రశ్నల్లో అధికభాగం జ్ఞాపకస్థాయికి పరిమితమై ఉన్నాయి. ప్రశ్నరూపంలో వైవిధ్యం ఆలోచనాస్థాయిలో వైవిధ్యానికి హామీ కాదు.
3. సంక్షిప్త నామాలకు ఇచ్చే ప్రాధాన్యం తెలుగు మాధ్యమ విద్యార్థి సాంకేతిక సామర్థ్యాన్ని కాక అతని ఇంగ్లీషు నేపథ్యాన్ని కొలుస్తున్నది.
4. భూరికార్డుల నుంచి ఖతుల సమస్య వరకు తెలుగు సమాజ అనుభవంలో పరీక్షార్హమైన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.
5. మూడో, ఏడో విభాగాల్లో అమలులో ఉన్న సందర్భాధారిత పద్ధతిని ఎనిమిదో విభాగానికి విస్తరిస్తే నిబంధనలు మార్చకుండానే నాణ్యత పెరుగుతుంది.

నెట్‌లో అర్హత పొందినవారే రేపు తరగతి గదిలో సాంకేతికతను గురించి మాట్లాడతారు, విశ్వవిద్యాలయాల దత్తాంశాన్ని నిర్వహిస్తారు, తెలుగు పరిశోధనలను భద్రపరుస్తారు. వారిని ఎంపిక చేసే ప్రశ్నల్లో సమాజానికి చోటు ఉండాలి. రాష్ట్రస్థాయి అర్హత పరీక్షలు కూడా నెట్ పాఠ్యప్రణాళికనే అనుసరిస్తున్నాయి. కనుక ఈ దిశగా తొలి ప్రయత్నానికి ఢిల్లీ వైపు చూడనక్కరలేదు. మన విశ్వవిద్యాలయాలే దానిని మొదలుపెట్టవచ్చు.